రొయ్యకు లేనిది, మీ బాబుకు ఉన్నది

కావలికి తూర్పున, సముద్రం వైపు ఉన్న ఒక పల్లె నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులో ముఖ్యమైనంత వరకు ఇక్కడ ఇస్తున్నాను.

"మాకు ఒక్కడే బాబు. నాలుగున్నరేళ్ళు. మా వారు రొయ్యల గుంటలు చేస్తారు. ఇల్లు కూడా గుంటల దగ్గరే, ఊరికి ఎడంగా. బడికి వెళ్ళే దాకా వాడికి పెద్దగా జబ్బు చేసింది లేదు. జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. అప్పటి నుంచి సంక్రాంతి దాకా ఏడుసార్లు జలుబు, దగ్గు, జ్వరం. ప్రతిసారీ ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, ఐదు రోజుల యాంటీబయాటిక్ సిరప్. 'ఎనిమిది నెలలకే పాలు మాన్పించావు, ఇంక బిడ్డకు శక్తి ఎక్కడి నుంచి వస్తుంది' అంటుంది మా అత్తమ్మ. అప్పుడు నాకు టైఫాయిడ్, ఆస్పత్రిలో ఉన్నాను. మా వారు రొయ్యలకు మందులమ్మే అతను చెప్పాడని 1,800 రూపాయలు పెట్టి ఇమ్యూనిటీ పౌడరు డబ్బా తెచ్చారు. నెల్లూరులో ఉండే మా ఆడబిడ్డ ఇమ్యూనిటీ పరీక్షలన్నీ చేయించమంటుంది. అత్తమ్మేమో రొట్టెల పండగలో ఆరోగ్య రొట్టె పట్టింది, ఇప్పుడు బడి మాన్పించమంటుంది. ఐదేళ్ళకు ఇంకో టీకా ఉందని ఏఎన్ఎం చెబితే, 'ఉన్న జ్వరాలు చాలవా' అని ఆమెను పంపించేసింది. అత్తమ్మకు తొలిచూలు మగబిడ్డ మూడేళ్ళప్పుడు తట్టు పోసి పోయాడంట. మా వాడికి ఒళ్ళు కాలితే ఆ రాత్రి ఆమె కన్ను మూయదు. నేను ఇంటర్‌లో బైపీసీ. తెల్లరక్తకణాల గురించి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. ఇప్పుడు ఇంట్లో ఒక్కరికి కూడా సమాధానం చెప్పలేకపోతున్నాను. వాడికి నిజంగా ఇమ్యూనిటీ లేదా? తప్పు నాదేనా?"

అమ్మా, మీ ఉత్తరం కన్నా దానికి పిన్ను కొట్టి పంపిన క్యాలెండరు జిరాక్సు నాకు ఎక్కువ సంగతులు చెప్పింది. జూన్ చివర ఒక జ్వరం, జులైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, సెప్టెంబరు ఖాళీ, అక్టోబరు వానల్లో రెండు, నవంబరులో ఒకటి, మళ్ళీ జనవరిలో. ఒక్కోటీ ఐదారు రోజులు. మధ్యలో ఖాళీ గళ్ళలో మీరే రాశారు: "బాగా ఆడాడు", "పెరుగన్నం రెండుసార్లు అడిగాడు." జూన్‌లో బరువు 14.8 కిలోలు, జనవరిలో 16. ఆస్పత్రిలో చేర్చింది ఒక్కసారి కూడా లేదు. ఏడుసార్లు పడ్డాడని ఇంటిల్లిపాదీ లెక్కపెడుతున్నారు. ఏడుసార్లూ వాణ్ని లేపిందెవరని మాత్రం ఎవరూ అడగడం లేదు. సిరప్ లేపిందనుకుంటున్నారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ వయసు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే. బడిలో చేరిన మొదటి ఏడాది పది దాటినా డాక్టర్లు కంగారు పడరు. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. అందులో రైనోవైరస్ అనే ఒక్క జాతిలోనే వందకు మించి రకాలు. ఒకదాన్ని గుర్తుపట్టడం నేర్చుకున్నంత మాత్రాన రెండోది తెలియదు. మీ వాడు గుంటల దగ్గర, నలుగురు పిలకాయలు లేని చోట పెరిగాడు. మిగతా పిల్లలు రెండేళ్ళకే అంగన్‌వాడీలో ముక్కులు కార్చుకుని నేర్చుకున్న పాఠాలు వాడు ఇప్పుడు ఒక్కసారిగా చదువుతున్నాడు.

మీరు బైపీసీలో చదివిందే, గట్టు మీద చూపిస్తాను. వాడి కాలికి తుమ్మ ముల్లు గుచ్చుకుందనుకోండి. చర్మం అంటే మీ గుంటకు గట్టు లాంటిది. దానికి గండి పడింది. గంటల్లోనే ఆ చోట ఎర్రబడుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. అక్కడి రక్తనాళాలు సడలి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలకు దారి ఇచ్చాయన్నమాట. అవి సూక్ష్మజీవులను మింగి చస్తాయి. మర్నాడు ముల్లు చోట కనిపించే చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. వాటి ఆయుష్షు మహా అయితే రోజో రెండు రోజులో. అందుకే ఎముకల్లోని మూలుగ పెద్దవాళ్ళలో రోజుకు సుమారు పదివేల కోట్లు కొత్తగా తయారుచేస్తుంది. ఈ మింగుడు సంగతి మొదట కనిపెట్టిందీ ముల్లుతోనే. మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త 1882లో సిసిలీ దీవిలో, నీళ్ళంత తేటగా ఉండే నక్షత్ర చేప పిల్లల ఒంట్లో గులాబీ ముళ్ళు గుచ్చి, మర్నాడు చూస్తే ముళ్ళ చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. దానికి 1908లో నోబెల్ వచ్చింది.

ఇక మీ అత్తమ్మకు తెలిసిన సంగతి ఒకటి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. పుండు ఎక్కడ, బిళ్ళ ఎక్కడ? ఆ బిళ్ళలు మధ్యలో ఉన్న చెక్‌పోస్టులు. పుండు దగ్గర దొరికిన సూక్ష్మజీవి ముక్కను కొన్ని కణాలు అక్కడికి మోసుకొస్తాయి. అక్కడ లింఫోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాలు కోట్లలో ఉంటాయి, ఒక్కోదానిదీ ఒక్కో ఆకారం. ఆ ముక్కకు సరిగ్గా అతికేది ఎక్కడో ఒకటి దొరుకుతుంది. అది ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అలా వేలకు పెరుగుతుంది. బిళ్ళ వాయడం అంటే ఇదే. అందులోంచి యాంటీబాడీలు, అంటే ఆ సూక్ష్మజీవికి అతుక్కుని దాన్ని పట్టించే ప్రోటీన్లు, పోసే కణాలు బయటికి వస్తాయి. ఇదంతా జరగడానికి మొదటిసారి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. పని అయ్యాక చాలా కణాలు చచ్చిపోయినా కొన్ని మిగులుతాయి. అవే జ్ఞాపకం. అదే సూక్ష్మజీవి మళ్ళీ వస్తే రెండు మూడు రోజుల్లోనే పని ముగిస్తాయి. చాలాసార్లు వచ్చినట్టే మనకు తెలియదు.

ఇది మీ వారికి మీకన్నా తొందరగా అర్థమవుతుంది. రొయ్యకూ మింగే కణాలున్నాయి, గట్టి పెంకు ఉంది. లేనిది యాంటీబాడీలు. మనకున్నలాంటి జ్ఞాపకం దానికి లేదు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ మన తీరం మీద పడినప్పుడు టైగర్ రొయ్య గుంటలు వారం పది రోజుల్లో ఖాళీ అయిన సంగతి మీ మామగారి తరాన్ని అడిగితే చెబుతారు. అందుకే రొయ్య రైతు సీడ్‌కు, అంటే గుంటలో వదిలే రొయ్య పిల్లలకు, పరీక్ష చేయిస్తాడు, పీతలు రాకుండా కంచె కడతాడు, పక్షులకు వల కడతాడు, నీళ్ళకు బ్లీచింగ్ వేస్తాడు. లోపల నేర్చుకునే ఏర్పాటు లేని జీవికి బయట కాపలా తప్పదు. మీ వారు చేస్తున్న పొరపాటల్లా ఆ పద్ధతిని కొడుక్కి కూడా వర్తింపజేయడం. డబ్బా తెచ్చింది నిర్లక్ష్యంతో కాదు, గుంటకు చేసినంత శ్రద్ధతోనే తెచ్చాడు. ఆ ఒక్క మాట ముందు అనండి, తర్వాత మిగతా మాటలు వింటాడు.

జ్వరం గురించి ఒక్క మాట. సూక్ష్మజీవి వచ్చిందన్న కబురు అందగానే మెదడులోని హైపోథాలమస్ ఒంటి వేడిని తానే పెంచుతుంది. ఆ వేడిలో చాలా వైరస్‌లు మందగిస్తాయి, మన కణాలు చురుకవుతాయి. బిడ్డ సొలిగిపోతే బరువును బట్టి పారాసిటమాల్ వేయండి. థర్మామీటరులో అంకె దించడం కోసం కాదు, వాడికి కాస్త హాయిగా ఉండి నీళ్ళు తాగడం కోసం. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు వద్దు.

ఇప్పుడు మిమ్మల్ని తినేస్తున్న ప్రశ్న. కడుపులో ఉన్నప్పుడే మీ యాంటీబాడీలు మాయ ద్వారా వాడికి చేరాయి. అవి పుట్టాక కొన్ని నెలల్లో తరిగిపోతాయి, ఏ తల్లి బిడ్డకైనా అంతే. చనుబాలలో వచ్చేవి వేరే రకం, గొంతుకూ పేగులకూ పూత పూసినట్టు కాపలా కాస్తాయి, తాగినన్నాళ్ళూ. రెండేళ్ళ దాకా ఇస్తే మంచిదని నేనూ చెబుతాను. మీరు ఎనిమిది నెలలిచ్చారు. అందులో ముఖ్యమైన మొదటి ఆరు నెలలూ ఉన్నాయి. నాలుగున్నరేళ్ళ పిల్లాడికి ఎల్‌కేజీలో వచ్చిన జలుబుకూ మీ టైఫాయిడ్‌కూ ముడి పెట్టడం కుదరదు. మీ తప్పు కాదు.

సిరప్ సంగతి. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, వైరస్‌ను ఏమీ చేయదు. జలుబు ఐదారు రోజుల్లో ఎలాగూ తగ్గుతుంది. సిరప్ కూడా ఐదు రోజులే. అందుకని పేరు సిరప్‌కు పోతుంది. ఆగస్టులోనూ నవంబరులోనూ మూడో రోజు గడిలో "విరేచనాలు" అని మీరే రాశారు చూడండి. పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతే అలాగే అవుతుంది. ఇంకో సంగతి, మాటిమాటికీ వాడితే మందుకు లొంగని బ్యాక్టీరియా మిగులుతుంది, నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున ఆ మందు పనిచేయకపోవచ్చు. యాంటీబయాటిక్ అవశేషాలున్నాయని రొయ్యల సరుకును విదేశాల్లో వెనక్కి కొట్టిన సంగతి మీ వారికి బాగా తెలుసు. అక్కడి లెక్క వేరు, నిజమే. అయినా రొయ్యకు వద్దన్న మందు పిల్లాడికి ఏడు నెలల్లో ఏడుసార్లు ఎందుకని ఆయన్నే అడగండి.

ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళడం పూర్తిగా మానేయొచ్చు. కానీ రాత్రి పదకొండుకు తలుపు తీసేది ఆయనొక్కడే అయితే, గొడవ పెట్టుకుని మీరు సాధించేదేమీ లేదు. రెండో దారి, వెళ్ళండి, జ్వరం చూపించండి, "మూడు రోజులు చూసి అప్పుడు సిరప్ మొదలుపెడదాం" అనండి. ఏ సూది వేశారో కాగితం మీద పేరు రాయించుకోండి. ఆయన స్టెరాయిడ్ వేస్తున్నాడని నేననడం లేదు, నాకు తెలియదు. కానీ గంటలో జ్వరం మాయమై, బిడ్డ లేచి ఆడి, రెండో రోజు మళ్ళీ కాలితే ఆ పేరు పిల్లల డాక్టరుకు చూపించాల్సిందే. స్టెరాయిడ్ అయితే అది జబ్బును తగ్గించదు, ఒంటి పోరాటాన్నే కాసేపు ఆపుతుంది. పేరు అడిగితే ఆయనకు కాస్త కోపం రావచ్చు. రానివ్వండి.

పౌడరు డబ్బా గురించి ఎక్కువ చెప్పను. ఇలాంటి వాటిలో సాధారణంగా ఉండేది పాలపొడి, చక్కెర, నాలుగు విటమిన్లు. అంతే అయితే తాగిస్తే హాని లేదు, బలం తక్కువైన పిల్లలకు కొంత పనికొస్తుంది కూడా, కానీ 16 కిలోలున్న మీ వాడికి దానితో కొత్తగా వచ్చేదేమీ లేదు. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా ఆ డబ్బుకు 250 గుడ్లు వస్తాయి. సముద్రం పక్కన ఉండి, నెత్తళ్ళూ కానాగంతలూ దొరికే ఊళ్ళో ఉండి డబ్బాలో ప్రోటీన్ కొనడం నాకైతే నవ్వొచ్చింది. అసలు "ఇమ్యూనిటీ పెంచడం" అన్న మాటే తేడా మాట. ఆస్తమా, తుమ్ముల అలర్జీ, కీళ్ళవాతంలో కొన్ని రకాలు, ఇవన్నీ ఇమ్యూనిటీ తక్కువై వచ్చినవి కావు, చేయకూడని చోట చేయి చేసుకోవడం వల్ల వచ్చినవి. ఇమ్యూనిటీకి కావలసింది తిండి, రోజుకు పది పదకొండు గంటల నిద్ర, అంగన్‌వాడీలో ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి వేసే విటమిన్ ఎ మోతాదు. భయంలో ఉన్నప్పుడు ఏదో ఒకటి పోయాలనిపిస్తుంది, 2021 మేలో కరోనా మందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మీ ఆడబిడ్డ మాట పూర్తిగా కొట్టేయను. ఇమ్యూనిటీ పుట్టుకతోనే లోపించిన పిల్లలు నిజంగా ఉంటారు, అరుదుగా. వాళ్ళ కథ వేరేగా ఉంటుంది. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగైదుసార్లు చెవిలో ఇన్ఫెక్షన్, చర్మం లోతుల్లో మళ్ళీ మళ్ళీ చీముగడ్డలు, ఏడాది నిండాక కూడా నోట్లో పోని తెల్లపూత, సెలైన్‌లో మందు ఎక్కిస్తే గానీ తగ్గని జబ్బులు, అన్నిటికన్నా ముఖ్యంగా బరువు పెరగకపోవడం. వీటిలో ఒక్కటి కూడా మీ క్యాలెండరులో లేదు. మీది మేనరికమా అన్నది మీరు రాయలేదు. మేనరికమే అయితే డాక్టరుకు చెప్పండి, ఇలాంటి లోపాలు కొన్ని మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తాయి. అత్తమ్మ తొలి బిడ్డ సంగతి కూడా చెప్పండి. ఆ కాలంలో తట్టు పోసి పోయిన బిడ్డలు చాలా ఇళ్ళలో ఉన్నారు కాబట్టి అదొక్కటే అనుమానించాల్సిన విషయం కాదు.

నా సలహా, ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించి, క్యాలెండరు ముందు పెట్టండి. ఆయన అవసరమనుకుంటే మామూలు రక్తపరీక్షతో మొదలుపెడతారు. నోరు తెరుచుకుని నిద్రపోతాడా, గురక పెడతాడా, తెల్లవారుజామున దగ్గుతాడా అనేవి కూడా చూసుకుని వెళ్ళండి. ముక్కు వెనక గ్రంథి వాపూ అలర్జీ కూడా "ఎప్పుడూ జలుబే" అన్నట్టు కనిపిస్తాయి. మొదటి రోజే ఖరీదైన యాంటీబాడీ పరీక్షలన్నీ చేయించడం కూడా ఒక దారే. మీకు మనశ్శాంతి దొరకొచ్చు. లేదా ఏదో ఒక అంకె కాస్త తక్కువ వచ్చి, దానికి అర్థం ఏమీ లేకపోయినా ఏడాది పొడవునా కొత్త టెన్షన్ పట్టుకోవచ్చు. నేనైతే ఆగేదాన్ని.

బడి మాన్పిస్తే జలుబులు తగ్గుతాయా? తగ్గుతాయి. వచ్చే ఏడాది యూకేజీకి వెళ్ళినప్పుడు మళ్ళీ మొదలవుతాయి. పాఠాలు వాయిదా పడతాయి గానీ రద్దు కావు. మధ్యేమార్గం కూడా ఉంది. జ్వరం ఉన్న రోజులూ, తగ్గాక ఇంకో రోజూ ఇంట్లో ఉంచండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించండి. వేసవి సెలవులు దగ్గరే కాబట్టి అప్పటిదాకా ఇలా నడిపి, వచ్చే ఏడాది క్యాలెండరు చూసి నిర్ణయించుకున్నా మించిపోయింది లేదు.

టీకా విషయంలో మాత్రం నేను రెండు వైపులా మాట్లాడను. ఐదారేళ్ళ మధ్య వేసేది డీపీటీ రెండో బూస్టర్. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఈ మూడింటి జ్ఞాపకం కాలం గడిచేకొద్దీ మసకబారుతుంది, దాన్ని మళ్ళీ చదివించడమే ఈ సూది. ఒకటి రెండు రోజులు జ్వరం, తొడో జబ్బో నొప్పి ఉండొచ్చు. జ్వరం గట్టిగా ఉన్న రోజు వేయించకండి, కాస్త ముక్కు కారుతుంటే పర్లేదు. కార్డు తీసి 9 నెలలు నిండాకా, 16 నుంచి 24 నెలల మధ్యా వేసే తట్టు-రుబెల్లా సూదులు రెండూ పడ్డాయో లేదో ఒకసారి చూడండి.

అత్తమ్మతో మాట్లాడాల్సింది ఆ తట్టు గురించే. తట్టు వైరస్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. అది సరిగ్గా ఆ జ్ఞాపకం దాచుకున్న కణాల్లోనే దూరి చంపుతుంది. తట్టు వచ్చి తగ్గిన పిల్లల రక్తం పరిశీలిస్తే, పాత జబ్బుల మీద ఉన్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమైనట్టు 2019లో తేలింది. అప్పటిదాకా నేర్చుకున్నదాంట్లో కొంత, ఒక్కోసారి చాలా భాగం, పలక మీద చెరిపేసినట్టు అయిపోతుంది. తట్టు వాడిపోయి స్నానం కూడా పోశాక, ఆ తర్వాత న్యుమోనియాతోనో విరేచనాలతోనో పోయిన బిడ్డలు అందుకే అంతమంది. సార్వత్రిక టీకాల కార్యక్రమం దేశంలో మొదలైందే 1985లో. మారుమూల పల్లెలకు అందేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. ఆమె చేతిలో అప్పుడు ఏమీ లేదు. ఆమె ఏ తప్పూ చేయలేదని బహుశా ఇన్నేళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మీ పాలను ఆమె అంటున్న మాటలు కూడా అక్కడి నుంచే వస్తున్నాయని నా అనుమానం. నా అనుమానం తప్పు కావచ్చు, ఇల్లు మీది. ఆ బిడ్డ పేరు ఏమిటో ఎప్పుడైనా ఆమెను అడిగారా?

టీకా విషయం మొదట మీ వారు మాట్లాడితే మేలు. కోడలు చెబితే వాదన, కొడుకు చెబితే మాట. అయినా ఆమె ఒప్పుకోకపోతే ఏఎన్ఎంను మళ్ళీ ఇంటికి పిలిపించొచ్చు, లేదా మీరిద్దరే వెళ్ళి వేయించుకుని రావచ్చు. రెండో పని చేస్తే నాలుగు రోజులు ఇంట్లో మూతి ముడుపులుంటాయి. అది తట్టుకోగలిగేదో కాదో మీకే తెలుసు.

ఎనిమిదో జ్వరం వస్తుంది. ఆ రాత్రి అత్తమ్మ ఎలాగూ పడుకోదు కాబట్టి ఆమెకొక పని అప్పగించండి. బాబు నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టమనండి. గంటకోసారి అంకె ఆ క్యాలెండరు గడిలో రాయాలి. 40 లోపు ఉండి, నీళ్ళు తాగుతూ, ఉచ్చ పోస్తూ ఉంటే తెల్లారే దాకా చూడొచ్చు. 40 గానీ అంతకు మించి గానీ ఉన్నా, డొక్కలు లోపలికి పోతున్నా, లేపినా సరిగా లేవకపోయినా, తాగిందల్లా కక్కుతున్నా, జ్వరం తగ్గిన రోజే కడుపునొప్పి అని మెలికలు తిరుగుతున్నా (వానాకాలంలో అది డెంగీ కూడా కావచ్చు), ఆర్‌ఎంపీ దగ్గర ఆగకుండా నేరుగా 108కి ఫోన్ చేయండి.